21 ఏళ్లు దాటిన పిల్లలకు అమెరికా కుటుంబ పిటిషన్: ఎవరిని చేర్చవచ్చు, ఎవరికి విడిగా వేయాలి

అమెరికా పౌరసత్వం వచ్చిన కొడుకు అమ్మానాన్నల గ్రీన్ కార్డ్ కోసం ఐ-130 ఫారం నింపడానికి కూర్చున్నప్పుడు ఇంటి దగ్గర నుంచి తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "పనిలో పనిగా చెల్లిని కూడా అందులోనే చేర్చేయకూడదా?" చెల్లికి 24 ఏళ్లు, పెళ్లి కాలేదు, అమ్మానాన్నల దగ్గరే ఉంటోంది, వాళ్లిద్దరూ వెళ్లిపోతే ఇక్కడ ఒంటరిగా మిగిలిపోతుంది. ఇంతకంటే సహజమైన కోరిక ఏ కుటుంబానికీ ఉండదు. అయితే అమెరికా వలస చట్టం కుటుంబాన్ని మనం చూసినట్టు చూడదు. తల్లిదండ్రుల కోసం వేసిన పిటిషన్‌లో చెల్లిని చేర్చడానికి వీలు లేదు. ఆమెకు 24 ఏళ్లు కాక 14 ఏళ్లే ఉన్నా వీలు లేదు. అంతమాత్రాన ఆమెకు దారి మూసుకుపోయిందని కాదు. ఆమె దారి వేరు, ఆమె వరుస వేరు, ఆ వరుసలో ఆమె స్థానాన్ని నిర్ణయించేవి ముఖ్యంగా రెండు తేదీలు: పుట్టిన తేదీ, పెళ్లి తేదీ. ఈ రెండింటినీ పిటిషన్ తేదీతో కలిపి చదవడం ఎలాగో తెలియకపోవడం వల్ల ఏళ్ల తరబడి చేసిన నిరీక్షణ పోగొట్టుకునే ప్రమాదం ఉంది కనుక, ఆ సంగతులను కొంచెం వివరంగా రాస్తున్నాను.

చట్టం ఎవరిని పిల్లలంటుంది

మన దేశంలో 18 నిండితే మేజర్. అమెరికా వలస చట్టంలో గీత 21 దగ్గర ఉంది. 21 నిండని, పెళ్లి కాని వారినే ఆ చట్టం "చైల్డ్" అంటుంది. 21 నిండినా, 21కి ముందే పెళ్లయినా వారు "కొడుకు" లేదా "కూతురు" అవుతారు తప్ప "చైల్డ్" కారు. మాటల్లో చిన్నదిగా కనిపించే ఈ తేడా వల్లనే ఒకరికి త్వరగా వీసా వస్తే మరొకరికి పది, పదిహేనేళ్లు పడుతుంది. భార్య లేదా భర్త మొదటి వివాహం వల్ల కలిగిన పిల్లలైతే, ఈ పెళ్లి జరిగేనాటికి వారికి 18 నిండి ఉండకూడదు. దత్తత పిల్లల విషయంలో సాధారణంగా 16 ఏళ్లలోపే దత్తత పూర్తి కావాలి. దానికి మరికొన్ని షరతులున్నాయి, అది వేరే వ్యాసానికి సరిపడే విషయం.

పౌరులు తమ భార్యకు లేదా భర్తకు, 21 నిండని అవివాహిత పిల్లలకు, తల్లిదండ్రులకు వేసే పిటిషన్లకు ఏటా ఇన్నే వీసాలన్న పరిమితి లేదు. వీరిని "ఇమ్మీడియట్ రిలేటివ్స్" అంటారు. తక్కిన బంధువులందరూ పరిమితి ఉన్న వరుసలలో నిలబడవలసినవారే. పౌరుల పెళ్లికాని పెద్ద పిల్లలది ఎఫ్1 కేటగిరీ, ఏటా 23,400 వీసాలు. గ్రీన్ కార్డ్ ఉన్నవారి కుటుంబానికి మొత్తం 1,14,200 వీసాలుంటే, అందులో 77 శాతం భార్య లేదా భర్తకు, 21 నిండని పిల్లలకు వెళుతుంది, అది ఎఫ్2ఏ. మిగిలిన 23 శాతం 21 దాటిన, పెళ్లికాని పిల్లలది, అది ఎఫ్2బీ. పౌరుల పెళ్లయిన పిల్లలది ఎఫ్3, ఏటా 23,400. పౌరుల తోబుట్టువులది ఎఫ్4, ఏటా 65,000. గ్రీన్ కార్డ్ మాత్రమే ఉన్న తల్లిదండ్రులకు పెళ్లయిన పిల్లల కోసం పిటిషన్ వేసే వర్గమే లేదు. ఈ చివరి వాక్యాన్ని గుర్తు పెట్టుకోవాలి. పెళ్లి గురించి రాసేటప్పుడు మళ్లీ దాని దగ్గరకే వస్తాను.

ఇక్కడ చెప్పిన ఎఫ్1 కేటగిరీ వేరు, చదువుకోవడానికి ఇచ్చే ఎఫ్-1 స్టూడెంట్ వీసా వేరు. రెండింటికీ ఒకే పేరుండడం వల్ల అయోమయం సహజమే.

డిపెండెంటుగా ఎవరు రాగలరు

పరిమితి ఉన్న వరుసలలో పిటిషన్ ఎవరి పేరు మీద ఉందో వారి భార్య లేదా భర్త, 21 నిండని అవివాహిత పిల్లలు అదే పిటిషన్ మీద డిపెండెంట్లుగా రాగలరు. అంటే ఎఫ్4 మీద విజయవాడలోని అన్నయ్య వస్తే వదిన, పిల్లలు కూడా వస్తారు. ఎఫ్3 మీద పెళ్లయిన కూతురు వస్తే అల్లుడు, మనవలు వస్తారు. ఎఫ్2బీ మీద, విడాకులు తీసుకున్న కూతురు తన చిన్న పిల్లలను వెంట తెచ్చుకోగలదు. ఇమ్మీడియట్ రిలేటివ్ పిటిషన్లకు మాత్రం ఈ సదుపాయం లేదు. వేగంగా వచ్చే వీసాకు డిపెండెంట్లు లేరు, నెమ్మదిగా వచ్చే వీసాకు ఉన్నారు. చెల్లిని అమ్మానాన్నల పిటిషన్‌లో చేర్చలేకపోవడానికి కారణం ఇదే.

అయితే చెల్లికి ఉన్న దారులేమిటి? ఒకటి, అన్న ఆమె పేరు మీద ఎఫ్4 వేయడం. దీనికి అన్న పౌరుడై, 21 నిండినవాడై ఉండాలి. రెండు, అమ్మానాన్నలు గ్రీన్ కార్డ్ పొందిన తరువాత వారిలో ఒకరు ఆమెకు ఎఫ్2బీ వేయడం. నా సలహా రెండూ వేయమనే. ఎఫ్4 చాలా నెమ్మదిగా కదిలే మాట నిజమే, కానీ ఆమెకు రేపు పెళ్లయినా ఆ పిటిషన్ చెల్లుతుంది, భర్తకూ పిల్లలకూ అందులో చోటుంటుంది. ఎఫ్2బీ దానికంటే త్వరగా వస్తుంది, కానీ పెళ్లితో పోతుంది. ఒక మనిషి పేరు మీద ఎన్ని వర్గాలలోనైనా పిటిషన్లు ఉండవచ్చు. ఒకటి మరొకదానికి అడ్డు రాదు.

అమ్మానాన్నలు వలస వీసాతో అమెరికా విమానాశ్రయంలో దిగి ప్రవేశ ముద్ర వేయించుకున్న రోజు నుంచే శాశ్వత నివాసులు, అంటే గ్రీన్ కార్డ్ ఉన్నవారితో సమానం. ప్లాస్టిక్ కార్డు పోస్టులో వచ్చేదాకా ఆగనవసరం లేదు. పాస్‌పోర్ట్‌లోని వీసా మీద పడిన ఆ ముద్రే ఏడాది పాటు రుజువుగా చెల్లుతుంది. "ముందు కుదురుకోనీ, మనవడి పుట్టినరోజు అయ్యాక చూద్దాం" అనుకుంటూ ఏడాది గడిపేస్తే, ఆ ఏడాది కూతురి వరుసలో ఏడాది వెనక్కి వెళ్లినట్టే. పిటిషన్ యూఎస్‌సీఐఎస్‌కు (పిటిషన్లు పరిశీలించే అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థకు) చేరిన తేదీయే ప్రయారిటీ తేదీ, అంటే వరుసలో చోటు నిర్ణయించే తేదీ. ఆ తేదీని తరువాత ఎవరూ ముందుకు జరపలేరు.

మరొక సంగతి. ఎఫ్2బీ పిటిషన్ నిలబడాలంటే దాన్ని వేసిన తల్లి లేదా తండ్రి గ్రీన్ కార్డ్ నిలబడాలి. మన పెద్దవాళ్లు ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ గడపడం మామూలే. కానీ చుట్టం చూపుగా వెళ్లివస్తూ, ఇల్లూ వాకిలీ అంతా ఇక్కడే ఉంచుకుంటే శాశ్వత నివాసం వదులుకున్నారన్న ప్రశ్న ఎదురుకావచ్చు. ఏడాదికి మించి బయట ఉండవలసి వస్తే అమెరికాలో ఉండగానే రీఎంట్రీ పర్మిట్ కోసం దరఖాస్తు చేయాలి. కూతురి కోసం పిటిషన్ వేసిన అమ్మ, ఎఫ్2బీ వంతు వచ్చేదాకా పట్టే ఎనిమిది, తొమ్మిదేళ్లూ నిజంగా అక్కడ ఉండగలదా అన్నది పిటిషన్ వేయకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం.

వయసు లెక్క: క్యాలెండరు వయసు వేరు, చట్టం వయసు వేరు

పిటిషన్ వేసినప్పుడు పదేళ్ల పాప, వీసా వంతు వచ్చేసరికి 24 ఏళ్ల యువతి అవుతుంది. ఇలా 21 దాటిపోవడాన్నే "ఏజ్ అవుట్" అంటారు. ఈ అన్యాయాన్ని కొంతవరకైనా సరిచేయడానికి 2002 ఆగస్టు 6న చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్ వచ్చింది, వాడుకలో సీఎస్‌పీఏ.

పౌరులు తమ 21 నిండని అవివాహిత బిడ్డకు నేరుగా పిటిషన్ వేస్తే లెక్క సులువు: పిటిషన్ దాఖలైన రోజున వయసు ఆగిపోతుంది. 20 ఏళ్ల 11 నెలలప్పుడు వేసినా, వీసా 22 ఏళ్లకు వచ్చినా ఆ బిడ్డ "చైల్డ్"గానే వెళుతుంది. అందుకే 21వ పుట్టినరోజు దగ్గర పడుతున్నప్పుడు ఒక పత్రం తక్కువైందని పిటిషన్ ఆపుకోకూడదు. ముందు వేసి, ఆ పత్రాన్ని అడిగినప్పుడు ఇవ్వడమే మేలు.

వరుసలలో ఉన్నవారికి లెక్క వేరు. వీసా నంబరు అందుబాటులోకి వచ్చిన రోజున, అంటే వరుసలో వంతు వచ్చిన రోజున, ఉన్న అసలు వయసులోంచి, పిటిషన్ వేసిన తేదీకీ ఆమోదం పొందిన తేదీకీ మధ్య గడిచిన కాలాన్ని తీసివేయాలి. వచ్చినది 21 కంటే తక్కువైతే ఇంకా "చైల్డ్" కిందే లెక్క. ఉదాహరణకు, 2006 మార్చిలో ఒక చెల్లెలు గుంటూరులోని అన్న కోసం ఎఫ్4 వేసిందనీ, అది సరిగ్గా నాలుగేళ్లకు ఆమోదం పొందిందనీ, 2025 జనవరి 1న నంబరు వచ్చిందనీ అనుకుందాం. అన్నకు ఇద్దరు పిల్లలు. 2001 అక్టోబరు 1న పుట్టిన కూతురికి ఆ రోజుకు 23 ఏళ్ల 3 నెలలు. నాలుగేళ్లు తీసేస్తే 19 ఏళ్ల 3 నెలలు. ఆమె తల్లిదండ్రులతో కలిసి వెళ్లగలదు. 1999 మే 1న పుట్టిన కొడుకుకు 25 ఏళ్ల 8 నెలలు. నాలుగు తీసేసినా 21 ఏళ్ల 8 నెలలు. అతడు ఆ పిటిషన్‌లో లేడు. ఒకే ఇంట్లో, ఒకే పిటిషన్ కింద, అక్కాతమ్ముళ్లనో అన్నాచెల్లెళ్లనో ఇలా విడదీసే లెక్క ఇది.

ఈ లెక్కలో చాలామంది తలకిందులుగా అర్థం చేసుకునేది ఒకటుంది. ఆమోదం ఆలస్యమైతే నష్టమని అనుకుంటారు. నిజానికి పిటిషన్ యూఎస్‌సీఐఎస్ దగ్గర పడి ఉన్న ప్రతి రోజూ పిల్లల వయసులోంచి తగ్గుతుంది. ఆమోదం వచ్చాక వీసా నంబరు కోసం వేచి చూసిన ఏళ్లు మాత్రం ఒక్క రోజు కూడా తగ్గవు. కనుక ఎఫ్4 వంటి దీర్ఘమైన వరుసలలో త్వరగా ఆమోదం తెప్పించుకోవాలని ఆరాటపడవలసిన పని లేదు. ఆమోదపత్రం మాత్రం భద్రపరచండి. పదిహేనేళ్ల తరువాత వయసు లెక్కకు ఆధారం అందులోని తేదీయే.

నంబరు వచ్చిన రోజు ఏదన్నది కూడా తెలియాలి. అమెరికా విదేశాంగ శాఖ ప్రతి నెలా వీసా బులెటిన్ విడుదల చేస్తుంది. అందులో ఫైనల్ యాక్షన్ డేట్స్ (వీసా ఇవ్వగల తేదీలు), డేట్స్ ఫర్ ఫైలింగ్ (దరఖాస్తు వేయగల తేదీలు) అని రెండు పట్టికలుంటాయి. కాన్సులేట్లు వయసు లెక్కకు మొదటి పట్టికనే చూస్తాయి. అమెరికాలోనే ఉండి దరఖాస్తు చేసేవారికి యూఎస్‌సీఐఎస్ 2023 ఫిబ్రవరి నుంచి రెండో పట్టికను కూడా అంగీకరించింది కానీ, 2025 ఆగస్టు 15 నుంచి వేసిన దరఖాస్తులకు మళ్లీ ఫైనల్ యాక్షన్ డేట్స్ పట్టికనే తీసుకుంటోంది. పాత వీడియోలలో చెప్పిన లెక్కను నమ్ముకుని కూర్చోవద్దని చెప్పడానికే ఈ వివరం ఇస్తున్నాను.

లెక్క అనుకూలంగా వచ్చినంత మాత్రాన పని అయిపోలేదు. నంబరు వచ్చిన ఏడాదిలోగా ఆ బిడ్డ శాశ్వత నివాసం కోసం అడుగు వేసి ఉండాలి. ఇండియాలో ఉన్నవారైతే వలస వీసా దరఖాస్తు అయిన డీఎస్-260 ఫారం సమర్పించడం దీనికి తిరుగులేని రుజువు. తండ్రి తన ఫారం సమర్పించి, "పిల్లలవి తరువాత చూద్దాం" అని వదిలేస్తే ఏడాది గడువు పిల్లల విషయంలో దాటిపోవచ్చు. ఎవరి ఫారం వారిది సమర్పించాలి, ఎవరి రసీదు వారిది దాచుకోవాలి.

ఎఫ్4, ఎఫ్3 కింద డిపెండెంటుగా ఉండి ఏజ్ అవుట్ అయిన పిల్లలకు పాత ప్రయారిటీ తేదీ దక్కదని 2014లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో తేలిపోయింది. తల్లిదండ్రులు గ్రీన్ కార్డ్ మీద వెళ్లి, కొత్తగా ఎఫ్2బీ వేసి, మళ్లీ మొదటి నుంచి నిలబడవలసిందే. ఎఫ్2ఏ కింద ఉండి 21 దాటినవారి పరిస్థితి నయం: వారు అదే ప్రయారిటీ తేదీతో ఎఫ్2బీలోకి మారతారు.

ఎఫ్2ఏ గురించే మరొక జాగ్రత్త. గ్రీన్ కార్డ్ ఉన్న భర్త ఒకే పిటిషన్ భార్య పేరు మీద వేసి పిల్లలను డిపెండెంట్లుగా చూపితే ఫీజు ఆదా అవుతుంది. ఆ తరువాత అతడు పౌరుడైతే భార్య ఇమ్మీడియట్ రిలేటివ్ అవుతుంది, ఆ వర్గంలో డిపెండెంట్లు లేరు కనుక పిల్లలు పిటిషన్ లేనివారుగా మిగిలిపోతారు. అప్పుడు కొత్తగా వేయాలి. ఈలోగా ఒకరికి 21 దాటి ఉంటే చిక్కు. మొదటి రోజే భార్యకు ఒకటి, ప్రతి బిడ్డకూ ఒకటి విడివిడిగా వేయండి. ఆ ఫీజు దగ్గర పొదుపు చేయవద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, తరువాత ఎంత డబ్బు పెట్టినా ఆ తేదీని కొనలేకపోవడమే.

పిల్లల అసలు వయసు 21 నిండకముందే తండ్రి పౌరుడైతే, ఆ రోజున వయసు ఆగిపోయి బిడ్డ ఇమ్మీడియట్ రిలేటివ్ వర్గంలోకి వెళుతుంది. పౌరసత్వానికి దరఖాస్తు చేయడానికి ఇది మంచి కారణం. అసలు వయసు 21 దాటి, సీఎస్‌పీఏ లెక్కలో మాత్రమే 21 లోపు ఉన్న బిడ్డ విషయంలో తండ్రి పౌరసత్వం మేలు చేయకపోగా ఎఫ్1లోకి నెట్టవచ్చు. ఈ ఒక్క సందర్భంలో ప్రమాణ స్వీకారానికి వెళ్లే ముందే ఇమిగ్రేషన్ లాయరుతో కూర్చుని లెక్క వేయించుకోవాలి. ఎఫ్2బీలో ఉన్నవారు తల్లి లేదా తండ్రి పౌరసత్వంతో దానంతట అదే ఎఫ్1లోకి మారతారు. ఆ నెలలో ఎఫ్1 వెనకబడి ఉంటే, ఎఫ్2బీలోనే ఉంటామని యూఎస్‌సీఐఎస్‌కు లిఖితపూర్వకంగా కోరే హక్కు చట్టంలో ఉంది.

వరుసలు ఎంత పొడవో తెలియడానికి 2025 జనవరి బులెటిన్ చూస్తే, ఇండియా వారికి ఎఫ్1లో 2015 చివరలో, ఎఫ్2బీలో 2016లో, ఎఫ్3లో 2010లో, ఎఫ్4లో 2006లో వేసిన పిటిషన్లకు అప్పుడు వంతు నడిచింది. తేదీలు ప్రతి నెలా మారతాయి, కొన్నిసార్లు వెనక్కి కూడా వెళతాయి.

పెళ్లి

ఎఫ్2బీలో ఉన్న కూతురికి, తల్లిదండ్రులలో పిటిషన్ వేసినవారు పౌరులు కాకముందే పెళ్లయితే, గ్రీన్ కార్డ్ ఉన్నవారికి పెళ్లయిన పిల్లల వర్గమే లేదు కనుక, ఆ పిటిషన్ అక్కడితో ఆగిపోతుంది. తరువాత విడాకులైనా అది తిరిగి లేవదు. కొత్తది వేయాలి, కొత్త తేదీతో. అదే పెళ్లి, తల్లి లేదా తండ్రి పౌరసత్వ ప్రమాణం చేసిన మర్నాడు జరిగితే పిటిషన్ బతికే ఉంటుంది: ఎఫ్1 నుంచి ఎఫ్3కి మారుతుంది, పాత ప్రయారిటీ తేదీ అలాగే ఉంటుంది, అల్లుడికీ చోటు దొరుకుతుంది. కనుక పెద్దవాళ్లకు గ్రీన్ కార్డ్ వచ్చి నాలుగేళ్లు దాటి, పౌరసత్వ దరఖాస్తు వేసే సమయం దగ్గర పడిన ఇళ్లలో ముహూర్తం పెట్టేటప్పుడు పంచాంగంతో పాటు ప్రమాణ స్వీకార తేదీని కూడా చూసుకోవాలి. నిశ్చితార్థం వల్ల ఇబ్బంది లేదు. ఇబ్బంది పెళ్లితోనే.

ఇక్కడే మన వైపు ఎక్కువగా వినిపించే ఒక తప్పుడు సలహా గురించి చెప్పాలి. "గుళ్లో పెళ్లి చేసేద్దాం, రిజిస్ట్రేషన్ మాత్రం వీసా వచ్చాక చేయిద్దాం, కాగితం మీద పెళ్లి కానట్టే కదా" అంటారు. కాదు. హిందూ వివాహ చట్టం ప్రకారం ఆచారం మేరకు తంతు జరిగితే, సప్తపది ఉన్న తంతులో ఏడో అడుగుతో, వివాహం పూర్తయినట్టే. రిజిస్ట్రేషన్ లేనంత మాత్రాన అది వివాహం కాకుండా పోదు. అమెరికా వీసా అధికారి కూడా పెళ్లి జరిగిన చోటి చట్టం ప్రకారమే చూస్తాడు. డీఎస్-260లో అవివాహితనని రాసి, కాన్సులేట్‌లో కిటికీ ముందు కుడిచెయ్యెత్తి అదే ప్రమాణం చేసి, మెడలో మంగళసూత్రం తీసి పర్సులో పెట్టుకుని నిలబడిన అమ్మాయి పరిస్థితి ఊహించండి. పెళ్లి ఫొటోలు బంధువుల ఫోన్లలో ఉంటాయి, శుభలేఖ ఎవరో ఒకరి ఫేస్‌బుక్‌లో ఉంటుంది. తెలిసి అబద్ధం చెప్పారని తేలితే అమెరికాలో ప్రవేశానికి జీవితకాల నిషేధం వర్తిస్తుంది. మినహాయింపు దొరకడం కష్టం. రేపు భర్త మంచి ఉద్యోగం మీద అక్కడికి వెళ్లినా ఈ మచ్చ ఆమెను వెంటాడుతుంది. ఆ అమ్మాయికి ఈ సలహా ఇచ్చినవాళ్లెవరూ అప్పుడు ఆమె పక్కన ఉండరు.

రెండో ఉచ్చు, వీసా చేతికి వచ్చాక పడేది. "వీసా స్టాంపు పడింది, ఇక భయం లేదు, పెళ్లి చేసి పంపిద్దాం" అనుకుంటారు. వీసా ముద్ర పడిన రోజు కాదు, అమెరికాలో ప్రవేశించిన రోజే లెక్క. పెళ్లికాని కూతురిగా ఇచ్చిన వీసా, విమానం ఎక్కేముందు పెళ్లయితే చెల్లదు. ముందు వెళ్లి, శాశ్వత నివాసిగా ప్రవేశించి, తిరిగి వచ్చి పెళ్లి చేసుకుని, ఆ తరువాత భర్తకు ఎఫ్2ఏ వేయడం సరైన పద్ధతి. ఆ భర్త కూడా కొన్నేళ్లు వేచి ఉండాలన్న సంగతి పెళ్లిచూపుల నాడే అబ్బాయి తరపువారికి చెప్పడం న్యాయం.

అయితే వీసా కోసం పెళ్లి ఆపుకోవాలా? ప్రమాణ స్వీకారం ఏడాదిలో ఉందంటే ఆగమంటాను. ఎఫ్2బీ వరుస ఇంకా ఎనిమిదేళ్లుందంటే, 25 ఏళ్ల అమ్మాయి జీవితాన్ని అంతకాలం నిలబెట్టి ఉంచడం నాకు సరైన పనిగా తోచదు. అన్న వేసిన ఎఫ్4 ఒకటి పక్కన ఉంటే ఆ నిర్ణయం కొంత తేలికవుతుంది. నిర్ణయం మాత్రం ఆమెదే కావాలి. పిటిషన్ వేసిన తండ్రిదీ కాదు, ఫీజు కట్టిన అన్నదీ కాదు.

పిటిషన్ వేయడం, పత్రాలు

పిటిషన్ ఐ-130. 2024 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద 675 డాలర్లు. కట్టే రోజున యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌లో మరోసారి చూసుకోవాలి. తల్లి వేస్తే బిడ్డ జనన ధ్రువీకరణ పత్రం, తన గ్రీన్ కార్డ్ లేదా పౌరసత్వ రుజువు సరిపోతాయి. తండ్రి వేస్తే వీటితో పాటు బిడ్డ తల్లితో తన వివాహానికి రుజువు కూడా జతచేయాలి. 1980లలో పెళ్లి చేసుకున్న మన పెద్దవాళ్లలో వివాహ ధ్రువపత్రం ఉన్నవారు తక్కువ కనుక, తల్లిదండ్రులిద్దరికీ గ్రీన్ కార్డ్ ఉంటే తల్లి చేత వేయించడం సులువు. పత్రాలు ఉన్నప్పుడు ఇద్దరి చేతా రెండు పిటిషన్లు వేయించడం ఇంకా మంచిది. పిటిషన్ వేసినవారు మరణిస్తే అది సాధారణంగా రద్దవుతుంది; మానవతా కారణాలతో పునరుద్ధరించమని కోరే వీలుంది కానీ అది అధికారుల విచక్షణ మీద ఆధారపడింది. 65 ఏళ్ల తండ్రి వేసిన పిటిషన్ తొమ్మిదేళ్లు నిలవాలి కదా.

పుట్టిన తేదీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బడిలో చేర్పించిన రోజు హెడ్‌మాస్టర్ బల్ల ముందు నిలబడిన తండ్రికి తేదీ గుర్తులేక, లేదా వయసు చాలక, "జూన్ 1 వేయండి సార్" అని ఉంటాడు. అదే తేదీ పదో తరగతి మెమోలోకి, అక్కడి నుంచి పాస్‌పోర్ట్‌లోకి వచ్చింది. మున్సిపాలిటీ లేదా పంచాయతీ రిజిస్టరులో ఆసుపత్రి రాయించిన తేదీ వేరే ఉంటుంది. మామూలు పనులకు ఈ తేడా ఎవరూ పట్టించుకోరు. రోజులు లెక్కపెట్టి 21 లోపా పైనా అని తేల్చే చోట, ఈ తేడా మొత్తం కేసును ప్రశ్నలో పడేస్తుంది. పిటిషన్ వేసే ముందే మీసేవలోనో, సంబంధిత కార్యాలయంలోనో జనన పత్రం తీయించి, మెమోతో, పాస్‌పోర్ట్‌తో సరిపోల్చండి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. జననం నమోదే కాకపోతే ఆ సంగతి ధ్రువీకరించే నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, పదో తరగతి మెమో, పుట్టుక తెలిసిన పెద్దల అఫిడవిట్లు జతచేయాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉండడం కూడా మన పత్రాలలో సర్వసాధారణం. ఆ రెండు పేర్లూ ఒకరివేనని ఒక అఫిడవిట్ సిద్ధంగా ఉంచుకోవాలి.

వంతు దగ్గర పడ్డాక కేసు అమెరికా విదేశాంగ శాఖకు చెందిన నేషనల్ వీసా సెంటర్ ద్వారా నడుస్తుంది: ఫీజులు, డీఎస్-260, పోలీసు క్లియరెన్స్, ఐ-864 ఆర్థిక పూచీ పత్రం. పిటిషన్ వేసిన అమ్మకు సంపాదన లేకపోయినా ఐ-864 మీద ఆమె సంతకం తప్పదు. ఆదాయం చూపించడానికి అక్కడున్న కొడుకు జాయింట్ స్పాన్సరుగా తన పత్రం ఇవ్వవచ్చు. ఇంటర్వ్యూలు ఎక్కువగా ముంబైలో జరుగుతాయి.

చదువు, ఉద్యోగం మీద వెళ్లాలనుకునే పిల్లలు

పెద్ద పిల్లల పేరు మీద పిటిషన్ వేయడానికి ముందు ఒక సంగతి బేరీజు వేయాలి. స్టూడెంట్ వీసాకు, విజిటర్ వీసాకు నింపే డీఎస్-160లో, మీ కోసం ఎవరైనా వలస పిటిషన్ వేశారా అన్న ప్రశ్న ఉంటుంది. వేసి ఉంటే అవునని రాయవలసిందే. చదువయ్యాక తిరిగి వస్తామని అధికారిని నమ్మించడం అప్పుడు కష్టమవుతుంది. వచ్చే ఏడాది ఎంఎస్‌కు వెళ్లాలనుకుంటున్న 22 ఏళ్ల కుర్రాడికి, పిటిషన్ ముందా వీసా ముందా అన్నది నిజమైన ప్రశ్న. వీసా దొరికి, వెళ్లి చేరాక పిటిషన్ వేయించుకోవడం ఒక పద్ధతి. అయితే ఆ తరువాత మధ్యలో ఇంటికి వచ్చి మళ్లీ స్టాంపింగ్‌కు వెళ్లినప్పుడు అదే ప్రశ్న ఎదురవుతుంది. హెచ్-1బీకి ఈ ఇబ్బంది లేదు. అమెరికాలో ఉండి ఎఫ్1, ఎఫ్2బీ వంతు కోసం చూస్తున్న పిల్లలు ఏదో ఒక సక్రమమైన స్టేటస్‌లో కొనసాగుతూ ఉండాలి. పిటిషన్ పెండింగులో ఉండడమొక్కటే అక్కడ ఉండే హక్కు ఇవ్వదు.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద పెరిగి 21 దాటిన పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. తల్లిదండ్రుల ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డ్ ఆలస్యమై, సీఎస్‌పీఏ లెక్కలో కూడా 21 దాటిపోతే, ఆ బిడ్డ వేరే వీసాకు మారాలి. తల్లిదండ్రులకు కార్డ్ వచ్చిన వెంటనే ఎఫ్2బీ వేయించుకోవాలి. మూడేళ్ల వయసులో వెళ్లి, తెలుగు కంటే ఇంగ్లిష్ బాగా వచ్చిన పిల్లలు ఇలా వరుస చివరకు చేరడం చూస్తే బాధ కలుగుతుంది, కానీ నేటి చట్టం ఇంతే.

చివరగా, వరుసలో ఉన్నన్నాళ్లూ చిరునామా, ఈమెయిల్ మారినప్పుడల్లా యూఎస్‌సీఐఎస్‌కూ, కేసు నేషనల్ వీసా సెంటర్‌కు చేరాక వారికీ తెలియజేయాలి. నంబరు వచ్చిందని నోటీసు పంపిన ఏడాదిలోగా స్పందన లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. పదేళ్ల కింద అన్నయ్య కాలేజీ రోజుల ఈమెయిల్ ఇచ్చి మరిచిపోయిన కేసులో ఆ నోటీసు ఎవరూ తెరవని ఇన్‌బాక్సులో పడి ఉంటుంది. కేసు నంబరు, ఇన్‌వాయిస్ నంబరు, ప్రయారిటీ తేదీ, ఆమోద తేదీ ఒక కాగితం మీద రాసి, ఒక ప్రతి అమెరికాలోని ఇంట్లో, ఒక ప్రతి ఇక్కడ బీరువాలో పాస్‌పోర్టులతో పాటు ఉంచండి.